గ్రాఫిక్స్ కార్డు పవర్ కేబుల్ హెచ్చరికలు

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డుకు ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె) నుంచి రావలసిన కరెంటు సరిగా అందడం లేదని తెలిపే సంకేతాలన్నిటినీ కలిపి పవర్ కేబుల్ హెచ్చరికలు అంటారు. ఇవి రకరకాలుగా బయటపడతాయి. సిస్టమ్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద, ఆపి కేబుల్ తగిలించమని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి అక్కడితో ఆగిపోవచ్చు. డిస్‌ప్లే అసలు రాకుండా, కార్డు మీద కేబుల్ గుచ్చే చోట చిన్న ఎర్ర ఎల్‌ఈడీ మాత్రమే వెలగవచ్చు. విండోస్ మామూలుగానే వచ్చి, గేమ్ మొదలుపెట్టిన కాసేపటికి తెర నల్లబడి, కార్డు ఫ్యాన్లు హోరుమని తిరగవచ్చు. లినక్స్ వాడేవారికి కెర్నెల్ లాగ్‌లో ఒక లైను కనిపిస్తుంది. కొత్త కార్డుల్లో కొన్నింటికి పిన్నుల్లో పోయే కరెంటును కొలిచి తెర మీద చూపే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది.

ఈ సంకేతాల్లో చాలావరకు ఒకే చిన్న సంగతి చెబుతాయి: కేబుల్ తగిలి ఉందా, లేదా. తగిలిన కేబుల్‌లో ఏ తీగ గుండా ఎంత కరెంటు పోతోంది, ఏ పిన్ను ఎంత వేడెక్కింది అన్నది వేరే సంగతి. దాన్ని చాలా కార్డులు చూడనే చూడవు. అందుకే హెచ్చరిక వచ్చినప్పుడు అది దేన్ని చూసి వచ్చిందో తెలుసుకోవడం ఎంత అవసరమో, హెచ్చరిక లేదు కదా అని నిశ్చింతగా ఉండకపోవడం కూడా అంతే అవసరం.

విడిగా కేబుల్ ఎందుకు

మదర్‌బోర్డు మీది పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు కార్డుకు ఇవ్వగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు. అందులో 12 వోల్టుల లైను ద్వారా వచ్చేది 66 వాట్లే, మిగతాది 3.3 వోల్టుల లైనుది. జీటీఎక్స్ 1050 టీఐ వంటి చిన్న కార్డులు ఈ 75 వాట్లతోనే సరిపెట్టుకుంటాయి. అలాంటి వాటిలో చాలావాటికి కేబుల్ సాకెట్టే ఉండదు కాబట్టి ఈ హెచ్చరికల గొడవా లేదు. అంతకు మించి కావలసిన కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా తీగలు లాగాల్సిందే.

ఈ అవసరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ కంటే ముందు, ఏజీపీ స్లాట్ల కాలంలోనే మొదలైంది. 2000లో వచ్చిన 3డీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ5 5500 కార్డు హార్డ్ డిస్కుకు పెట్టే నాలుగు పిన్నుల ప్లగ్గునే వాడుకుంది. 2002లో ఏటీఐ రేడియాన్ 9700 ప్రో ఫ్లాపీ డ్రైవ్ ప్లగ్గుతో సరిపెట్టింది. ఆ ప్లగ్ పెట్టడం మరిచిపోతే కంప్యూటర్ ముందుకు కదలకుండా, పవర్ కేబుల్ తగిలించలేదని తెర మీదే చెప్పేది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఎన్‌విడియా డ్రైవర్ మరో పద్ధతి పట్టింది. కార్డుకు చాలినంత కరెంటు రావడం లేదని విండోస్‌లో ఒక పెట్టె చూపించి, కార్డు వేగం తగ్గించి నడిపేది. ఆపేయడమా, తగ్గించి నడపడమా అన్న ఈ రెండు దారులూ ఇప్పటికీ ఉన్నాయి.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చాక కార్డుల కోసమే ప్రత్యేకంగా 6 పిన్నుల ప్లగ్ తయారైంది. దాని పరిమితి 75 వాట్లు. తర్వాత వచ్చిన 8 పిన్నుల ప్లగ్గుకు 150 వాట్లు. అదనంగా చేరిన రెండు పిన్నులూ గ్రౌండుకు తగిలేవే, 12 వోల్టుల పిన్నులు రెండింటిలోనూ మూడే. అంటే 8 పిన్నుల ప్లగ్గులో 150 వాట్లు పోతున్నప్పుడు మొత్తం పన్నెండున్నర ఆంపియర్లు మూడు తీగల్లో పంచుకుని, ఒక్కోదానిలో నాలుగు ఆంపియర్ల పైచిలుకు పోతుంది. ఆ పిన్నులు దానికి దాదాపు రెట్టింపు మోయగలవు. ఈ వెసులుబాటు వల్లనే 8 పిన్నుల ప్లగ్గులు ఏళ్ల తరబడి పెద్దగా పేచీ లేకుండా నడిచాయి. కొంచెం వదులుగా ఉన్నా, పిన్ను మీద కాస్త మురికి పట్టినా తట్టుకున్నాయి.

పరిమితి దాటినా ఏ హెచ్చరికా రాని సందర్భానికి 2016 జూన్‌లో విడుదలైన ఏఎండీ ఆర్‌ఎక్స్ 480 మంచి ఉదాహరణ. అది 150 వాట్ల కార్డు, 6 పిన్నుల సాకెట్ ఒక్కటే. స్లాటు 75, కేబుల్ 75 అని లెక్క సరిగ్గా సరిపోయింది గానీ, పనిలో పడ్డాక అది స్లాటు నుంచి పరిమితికి మించి లాగుతోందని కొలిచినవారు బయటపెట్టారు. ఏఎండీ జులైలో కొత్త డ్రైవర్ ఇచ్చి స్లాటు మీది భారం తగ్గించింది. ఆ కొన్ని రోజులూ తెర మీద ఏ సందేశమూ రాలేదు, ఏ ఎల్‌ఈడీ వెలగలేదు. కేబుల్ తగిలే ఉంది మరి.

కార్డు ఎలా కనిపెడుతుంది

8 పిన్నుల ప్లగ్గులో మూడు పిన్నులు 12 వోల్టులవి, మూడు గ్రౌండువి. మిగిలిన రెండింటిని సెన్స్ పిన్నులంటారు. కార్డు వైపు ఈ పిన్నుల్లో చిన్న వోల్టేజి పెట్టి ఉంచుతారు. కేబుల్ గుచ్చగానే ఆ పిన్ను గ్రౌండుకు తగిలి వోల్టేజి సున్నాకు పడుతుంది. దాన్ని బట్టి ప్లగ్ వచ్చిందని, రెండు సెన్స్ పిన్నుల్లో ఏవి తగిలాయన్నదాన్ని బట్టి వచ్చింది 6 పిన్నులదా 8 పిన్నులదా అని కార్డు గుర్తుపడుతుంది. ఎన్‌విడియా కార్డులు ఆన్ కాగానే చూపే ఆ ప్రసిద్ధమైన వాక్యం చాలావరకు ఈ పరీక్షలో తప్పినందువల్లే వస్తుంది.

లినక్స్‌లో ఇదే సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. కార్డుకు కావలసిన పవర్ కేబుళ్లు తగిలించలేదని ఎన్‌విడియా డ్రైవర్ కెర్నెల్ లాగ్‌లో రాస్తుంది. ఆ కంపెనీ ఎర్రర్ల జాబితాలో ఎక్స్‌ఐడీ 54 అంటే అదే. ఎక్స్‌ఐడీ 79 వేరు. కార్డు బస్ మీద నుంచి ఉన్నట్టుండి మాయమైందని దాని అర్థం. పనిలో ఉండగా కరెంటు తెగిపోయినా అది రావచ్చు, స్లాటులో కార్డు కదిలినా రావచ్చు, కార్డే చెడిపోయినా రావచ్చు. 54 కనిపిస్తే కేబుల్ దగ్గరికి నేరుగా పోవచ్చు. 79 కనిపిస్తే కేబుల్ అనుమానితుల్లో ఒకటి, అంతే.

విండోస్‌లో ఇంత స్పష్టత దొరకదు. ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నెల్ పవర్ 41 అనే ఎంట్రీ, సిస్టమ్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయి మళ్లీ లేచిందని మాత్రమే చెబుతుంది. అందులో బగ్‌చెక్ కోడ్ సున్నాగా ఉంటే నీలి తెర కూడా రాకుండా ఆగిపోయిందన్నమాట. అప్పుడు కరెంటు వైపు చూడటం సబబు. కానీ 41 కనిపించింది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు కేబులే కారణమని తేల్చేయకూడదు.

కార్డు అంచున ఉండే ఎర్ర ఎల్‌ఈడీ విషయంలో ఒక భ్రమ తరచూ కలుగుతుంది. కొన్ని కార్డుల్లో కంప్యూటర్ షట్‌డౌన్ చేశాక కూడా అది వెలుగుతూనే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ స్లాటుకు స్టాండ్‌బై వోల్టేజి వస్తుంటుంది. కేబుల్‌లో 12 వోల్టులు ఉండవు. కార్డు అది గమనించి ఎర్ర లైటు వేస్తుంది. సిస్టమ్ ఆన్ అయ్యాక ఆరిపోతే దానిలో లోపమేమీ లేదు. గేమ్ నడుస్తుండగా అదే లైటు మిణుకుమంటే మాత్రం వోల్టేజి క్షణకాలం పడిపోతోందన్నమాట, దాన్ని వదిలేయకూడదు.

16 పిన్నుల కనెక్టర్

ఈ విషయం మీద ఇంత చర్చ నడవడానికి అసలు కారణం 16 పిన్నుల కనెక్టరే. మూడు, నాలుగు 8 పిన్నుల ప్లగ్గులు పెట్టాల్సిన చోట ఒక్క చిన్న ప్లగ్గుతో 600 వాట్లు ఇవ్వాలన్నది ఆలోచన. 2020 సెప్టెంబరులో ఎన్‌విడియా తన ఆర్‌టీఎక్స్ 30 కార్డుల్లో 12 పిన్నుల రూపం తెచ్చింది. దానికి రెండు సెన్స్ పిన్నులతో కలిపి నాలుగు చిన్న పిన్నులు చేర్చి పీసీఐ-సిగ్ సంస్థ 12వీ హెచ్‌పీడబ్ల్యూఆర్ పేరుతో ప్రమాణంగా ప్రకటించింది. 2022 ఫిబ్రవరిలో ఇంటెల్ ప్రచురించిన ఏటీఎక్స్ 3.0 నిబంధనల్లో ఎస్‌ఎంపీఎస్‌లకూ అది చేరింది.

లెక్క ఒకసారి వేసి చూడాలి. 600 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 50 ఆంపియర్లు. వాటిని మోసే 12 వోల్టుల పిన్నులు ఆరు. ఒక్కోదానికి 8.3 ఆంపియర్లు. పిన్ను మోయగలిగేది సుమారు 9.5. అంటే మిగిలిన వెసులుబాటు ఏడో వంతు కూడా లేదు. 8 పిన్నుల ప్లగ్గులో దాదాపు రెట్టింపు ఉన్న వెసులుబాటు ఇక్కడ ఇంతకు కుదించుకుపోయింది. పైగా ఈ లెక్క ఆరు పిన్నుల్లోనూ కరెంటు సమానంగా పోతేనే. అది సమానంగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పక్కపక్కన ఉన్న తీగల్లో ఏది సులువైన దారి అయితే కరెంటు దాని గుండానే ఎక్కువ పోతుంది. ఒక పిన్ను వదులైతే దాని వాటా కూడా తక్కినవి మోయాలి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక కాంటాక్టులో 5 మిల్లీఓముల నిరోధం ఉందనుకుంటే, 8.3 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి వాటులో మూడో వంతు, 20 ఆంపియర్ల దగ్గర రెండు వాట్లు. బియ్యపు గింజంత చోట, గాలి ఆడని ప్లాస్టిక్ గూడులో రెండు వాట్లంటే చిన్న విషయం కాదు. ఆ కనెక్టరును 105 డిగ్రీల వరకు పనిచేసేలా రూపొందించారు.

2022 అక్టోబరులో 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 మార్కెట్లోకి వచ్చిన కొద్ది రోజులకే కమిలిన, కరిగిన కనెక్టర్ల ఫొటోలు రావడం మొదలైంది. నవంబరులో ఎన్‌విడియా, ప్రపంచవ్యాప్తంగా సుమారు 50 ఫిర్యాదులు వచ్చాయని, ప్లగ్ పూర్తిగా లోపలికి దిగకపోవడం ఎక్కువ సందర్భాల్లో కారణంగా కనబడుతోందని ప్రకటించింది. హార్డ్‌వేర్ సమీక్షలు చేసే గేమర్స్ నెక్సస్ పరీక్షల్లోనూ సగం దిగిన ప్లగ్ ప్రధాన కారణంగా తేలింది. ఆ మాట నిజమే. కానీ వాడేవారి చేతిదే తప్పు అని వదిలేయడం న్యాయం కాదు. ప్లగ్ సగమే దిగినా సెన్స్ పిన్నులు తగిలి, అంతా బాగుందని కార్డు అనుకుని 450 వాట్లు లాగేలా ఉంది ఆ కనెక్టర్. హెచ్చరిక రావలసిన చోట రాకపోవడమే ఇక్కడి అసలు లోపం.

తర్వాతి సవరణ కూడా ఆ లోపాన్ని ఒప్పుకున్నట్టే ఉంది. 2023లో వచ్చిన 12వీ-2×6 అనే కొత్త రూపంలో కార్డు వైపు సెన్స్ పిన్నులను పొట్టి చేశారు, పవర్ పిన్నులను కాస్త పొడుగు చేశారు. ఇప్పుడు ప్లగ్ లోపలి దాకా దిగితే తప్ప సెన్స్ పిన్నులు తగలవు. పాత రూపంలో సెన్స్ పిన్నులు రెండూ ఖాళీగా ఉంటే కార్డు 150 వాట్లు తీసుకోవచ్చు. కొత్త రూపంలో అలా ఉంటే కార్డు లేవకూడదు. అందువల్ల కొత్త కార్డు పాతదానికంటే ఎక్కువసార్లు కేబుల్ పెట్టలేదని ఫిర్యాదు చేస్తే, అది దాని సుగుణమే. ఈ సెన్స్ పిన్నులే కేబుల్ 600 వాట్లదా, 450దా, 300దా అన్నది కూడా కార్డుకు చెబుతాయి. కార్డుతో వచ్చే నాలుగు తలల అడాప్టరుకు మూడే 8 పిన్నుల ప్లగ్గులు పెడితే ఆర్‌టీఎక్స్ 4090 ఏ ఎర్రరూ చూపకుండా 450 వాట్ల దగ్గర ఆగుతుంది. పవర్ లిమిట్ పెంచబోతే పెరగదు.

సవరణతో కథ ముగియలేదు. 2025 జనవరి చివర్లో 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090 వచ్చింది. ఫిబ్రవరిలోనే మళ్లీ కమిలిన ప్లగ్గుల ఫొటోలు. జర్మన్ ఓవర్‌క్లాకర్ డెర్‌బౌవర్ తన కార్డు కేబుల్‌లో ఒక్కో తీగను విడిగా కొలిచి చూపించాడు. ఒక తీగలో 20 ఆంపియర్లు దాటి పోతోంది, ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్ దగ్గర వేడి 150 డిగ్రీల దాకా చేరింది. ప్లగ్ సరిగానే దిగింది, సెన్స్ పిన్నులు సరిగానే తగిలాయి, కార్డు ఒక్క మాటా అనలేదు. కారణం సర్క్యూట్‌లోనే ఉంది. ఆర్‌టీఎక్స్ 3090 టీఐలో ఆరు పిన్నులను మూడు జతలుగా విడదీసి విడివిడిగా చూసేవారు. 4090లోనూ 5090లోనూ ఆరూ కార్డులోకి అడుగుపెట్టగానే ఒక్కటైపోతాయి. ఆ తర్వాత ఏ పిన్ను నుంచి ఎంత వచ్చిందో తెలిసే దారి లేదు.

ఈ లోటు తీర్చింది అసుస్ ఆస్ట్రల్ వంటి కొన్ని కార్డులే. వాటిలో ఒక్కో పిన్ను కరెంటునూ కొలిచే ఏర్పాటు ఉంది. ఏ పిన్నులో కరెంటు అతిగా పెరిగినా, తేడాగా ఉన్నా ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది. ఈ వ్యాసంలో చెప్పిన హెచ్చరికలన్నిటిలో నిజంగా వేడికి దగ్గరి సంబంధం ఉన్నది ఇదొక్కటే. ఇది అంత ఖరీదైన కార్డులన్నిటిలోనూ మొదటి నుంచీ ఉండాల్సింది. అయితే ఆ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసి నడుపుతుంటేనే హెచ్చరిక కనిపిస్తుందని మరవకూడదు.

లోపం వెతికే క్రమం

ముందు షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, గోడ సాకెట్ నుంచి తీగ తీసేయాలి. మదర్‌బోర్డు మీది లైట్లన్నీ ఆరేదాకా ఆగాలి. సిస్టమ్ ఆన్‌లో ఉండగా కార్డు ప్లగ్గును ముట్టుకోవడం, కాస్త నొక్కి చూడటం ఎంత అనుభవం ఉన్నవారికైనా తగదు. కరెంటు పోతుండగా కాంటాక్టు వీడితే పిన్నుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది, పిన్ను పూత పాడవుతుంది.

ఆన్ చేయగానే హెచ్చరిక వస్తుంటే కారణం సాధారణంగా కంటికే కనిపిస్తుంది. అన్నిటికంటే తరచుగా కనిపించేది 6+2 ప్లగ్గులోని (ఆరు, రెండు పిన్నుల ముక్కలు కలిపి 8 పిన్నులుగా వాడేది) రెండు పిన్నుల ముక్క. దానికి పక్కన సన్నటి మెట్టు ఒకటి ఉంటుంది, అది ఆరు పిన్నుల ముక్క గాడిలో కూర్చోవాలి. గాడిలో పెట్టకుండా రెండూ కలిపి తోస్తే పెద్ద ముక్క లోపలికి దిగి, చిన్న ముక్క సగంలోనే ఆగిపోతుంది. పైనుంచి చూస్తే రెండూ దిగినట్టే ఉంటాయి. పక్కనుంచి టార్చి వేసి చూస్తే తేడా తెలుస్తుంది. కార్డుకు రెండు, మూడు సాకెట్లు ఉంటే అన్నీ నిండాలి. ఒకటి ఖాళీగా ఉంచినా చాలా కార్డులు లేవవు.

కేబుళ్లు విడిగా ఊడివచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే కేబుల్ రెండో కొసను కూడా చూడాలి. కార్డు వైపు పదిసార్లు తీసి పెట్టి, ఎస్‌ఎంపీఎస్ వైపు ఒక్కసారీ చూడనివారు ఎక్కువ. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించి బస్సు కార్గోలో ఊరికి తెప్పించుకున్న సిస్టమ్ మొదటిసారి ఆన్ చేయగానే ఈ హెచ్చరిక చూపిస్తే, మొదట అనుమానించాల్సింది దారిలోని కుదుపులనే. బరువైన కార్డు స్లాటులో ఒరుగుతుంది, కేబుల్ కొసలు వదులవుతాయి. కార్డును తీసి మళ్లీ కూర్చోబెట్టి, కేబుల్ రెండు కొసలనూ మళ్లీ గుచ్చితే చాలా సందర్భాల్లో అక్కడితో సమస్య తీరుతుంది.

కేబుల్ సరైనదేనా అన్నది తర్వాతి ప్రశ్న, ప్రమాదకరమైనది కూడా. ప్రాసెసర్‌కు ఇచ్చే 4+4 ప్లగ్గూ కార్డుకు ఇచ్చే 6+2 ప్లగ్గూ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ వాటిలో 12 వోల్టులూ గ్రౌండూ తారుమారు. ప్రాసెసర్ ప్లగ్గులో లాక్ క్లిప్ ఉన్న వైపు వరుస 12 వోల్టులది, కార్డు ప్లగ్గులో క్లిప్ వైపు వరుస గ్రౌండుది. పిన్నుల ఆకారాలు వేరుగా ఉంటాయి కాబట్టి మామూలుగా ఒకటి ఇంకోదానిలో దూరదు. బలవంతంగా తోస్తే దూరవచ్చు, అప్పుడు కార్డు దక్కదు. మాడ్యులర్ కేబుళ్లలో ఇంకో ముప్పు ఉంది. కార్డు వైపు కొసకు ప్రమాణం ఉంది గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు లేదు. ఒక కంపెనీ కేబుల్ మరో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌లో చక్కగా కూర్చుని, తప్పుడు పిన్నులో 12 వోల్టులు పంపవచ్చు. ఒకే కంపెనీ వేర్వేరు మోడళ్ల మధ్య కూడా ఇది జరుగుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్ తీసి కొత్తది వేసినప్పుడు పాత కేబుళ్లను కేబినెట్‌లో అలాగే వదిలేయడం అందుకే చేయకూడని పని.

సాటా ప్లగ్గు నుంచి 6 పిన్నులకు మార్చే చవక అడాప్టర్ల గురించి గట్టిగానే చెప్పాలి. సాటా ప్లగ్గులో 12 వోల్టుల మీద పోదగ్గ కరెంటు నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దాన్ని 75 వాట్లు లాగే సాకెట్‌లో పెడితే కార్డుకు సెన్స్ పిన్ను తగులుతుంది, హెచ్చరిక పోతుంది, సాటా ప్లగ్ కమలడం మొదలవుతుంది. హెచ్చరికను నోరు మూయించి ప్రమాదాన్ని తెచ్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. అలాంటి అడాప్టర్‌ను వాడకూడదు. ఎస్‌ఎంపీఎస్‌లో కార్డు కేబుల్ లేదంటే అది ఆ కార్డు కోసం చేసినది కాదన్నమాట.

16 పిన్నుల ప్లగ్గును గుచ్చేటప్పుడు క్లిక్ శబ్దం కోసం చూడకూడదు, చాలాసార్లు అది వినపడదు. ప్లగ్గును తిన్నగా, రెండు పక్కలా సమానంగా ఒత్తిడి పెట్టి తోయాలి. దిగాక ప్లగ్ అంచుకూ సాకెట్ అంచుకూ మధ్య గోరు దూరేంత సందు కూడా ఉండకూడదు. తర్వాత తీగలను కాకుండా ప్లగ్గునే పట్టుకుని మెల్లగా లాగి చూడాలి, కదలకూడదు. ఎంఎస్‌ఐ వంటి కొన్ని కంపెనీలు ప్లగ్ కొనకు పసుపు రంగు వేస్తున్నాయి. పసుపు బయటికి కనిపించినంతసేపూ ప్లగ్ పూర్తిగా దిగనట్టే. తీగలు ప్లగ్ మొదట్లోనే వంగకూడదు, సుమారు 35 మిల్లీమీటర్లు తిన్నగా వచ్చాకే వంపు తిరగాలి. కేబినెట్ పక్క అద్దం తీగలను నొక్కుతుంటే ఆ కేబినెట్ ఆ కార్డుకు ఇరుకైనదే. ఈ ఇరుకును తప్పించడానికి వచ్చిన వంపు అడాప్టర్లు మరో బెడదగా మారాయి. కేబుల్‌మాడ్ కంపెనీ వంపు అడాప్టర్లను 2024 ఫిబ్రవరిలో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ద్వారా వెనక్కి పిలిపించారు. వాటి సంఖ్య సుమారు 25,300. ఇంకొకటి: ఈ 16 పిన్నుల ప్లగ్గులను 30 సార్లు తీసి పెట్టేదాకానే హామీ. అనుమానం వచ్చినప్పుడల్లా తీసి చూడటం కూడా ప్లగ్గును అరగదీస్తుంది.

బరువు పడినప్పుడే వచ్చే హెచ్చరికలు

విండోస్ బాగానే వచ్చి, గేమ్‌లోనో వీడియో రెండర్‌లోనో ఆగిపోతుంటే వెతికే పద్ధతి మారుతుంది. సిస్టమ్ పూర్తిగా ఆరిపోయి, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి మళ్లీ వేస్తే తప్ప లేవకపోతే, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిందన్నమాట. తెర నల్లబడి ఫ్యాన్లు హోరెత్తుతూ, పాట మాత్రం వెనక వినిపిస్తుంటే ఆగింది కార్డు.

ఇలాంటప్పుడు పనికొచ్చే పరీక్ష ఒకటుంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి తగ్గించి అదే గేమ్ అదే చోట ఆడాలి. సమస్య పోతే కరెంటు దారిలో లోపం ఉందని అనుమానించవచ్చు. పోకపోతే డ్రైవర్, మెమరీ, కార్డు చిప్ వైపు చూడాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ప్రోగ్రాములో 16 పిన్నుల లైను వోల్టేజిని బరువు లేనప్పుడు, ఉన్నప్పుడు పోల్చి చూడాలి. ఏటీఎక్స్ లెక్కలో ఏళ్లుగా వస్తున్న హద్దు 11.4 నుంచి 12.6 వోల్టులు. స్లాటు వోల్టేజి 12 దగ్గర నిలకడగా ఉండి, కేబుల్ వోల్టేజి మాత్రం బరువు పడగానే బాగా దిగిపోతుంటే కేబుల్‌లోనో ప్లగ్గులోనో నిరోధం పెరిగిందన్నమాట. ఈ ఒక్క పోలిక గంటల తరబడి డ్రైవర్లు మార్చడం కంటే ఎక్కువ చెబుతుంది.

ఒకే కేబుల్‌కు రెండు తలలు ఉన్న ఏర్పాటు ఇక్కడ తరచూ బయటపడుతుంది. రెండు సాకెట్లూ నిండాయి కాబట్టి కార్డుకు ఫిర్యాదు లేదు. కానీ 300 వాట్లు ఒకే మూడు తీగల్లో, ఒక్కోదానిలో 8 ఆంపియర్ల పైన పోతున్నాయి. పెద్ద కార్డుకు ఒక్కో సాకెట్‌కు ఒక్కో విడి కేబుల్ ఇవ్వడం మంచిది. 225 వాట్లు దాటితే అలాగే చేయమని కొన్ని ఎస్‌ఎంపీఎస్ కంపెనీలూ చెబుతాయి.

వాట్ల మొత్తం సరిపోయినా పాత ఎస్‌ఎంపీఎస్ ఆగిపోవడానికి కారణం క్షణికమైన ఉబుకు. కార్డులు సెకనులో పదివేలో వంతు కాలం పాటు తమ సగటుకు మూడు రెట్ల దాకా లాగవచ్చునని కొత్త ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఏటీఎక్స్ 3.0 ఎస్‌ఎంపీఎస్‌లు అంత స్వల్పకాలం తమ సామర్థ్యానికి రెండు రెట్లు తట్టుకునేలా రూపొందాయి. పాతవాటికి ఆ నిబంధన లేదు. 750 వాట్లని రాసి ఉన్న పాత పెట్టె ఆగిపోయి, అదే 750 వాట్ల కొత్తది నిలబడటానికి కారణం ఇదే.

మన ఇళ్లలో ఇంకో మెట్టు వెనక్కి వెళ్లి చూడాల్సి వస్తుంది. కరెంటు పోయి యూపీఎస్ మీదకు మారిన క్షణంలోనే సిస్టమ్ ఆరిపోతుంటే, కార్డు కేబుల్ కంటే ముందు యూపీఎస్‌ను అనుమానించాలి. 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగే వాట్లు 600 కంటే బాగా తక్కువ. పెద్ద కార్డున్న సిస్టమ్‌కు అది చాలదు. పైగా చవక యూపీఎస్‌లు ఇచ్చే మెట్ల అలతో కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు సరిగా పనిచేయవు. గేమింగ్ సిస్టమ్‌ను వదులైన ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద, ఇతర సామానుతో కలిపి నడపడం కూడా ఇలాంటి లోపాలనే పుట్టిస్తుంది.

కమిలిన ప్లగ్ దొరికితే

కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా, ప్లగ్ తీస్తుంటే అంటుకుపోయినట్టు గట్టిగా అనిపించినా బలవంతం చేయకూడదు. చల్లారనిచ్చి, తీయకముందే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోవాలి. ప్లగ్ ఎంతవరకు దిగి ఉందో ఆ ఫొటోల్లో తెలియాలి, వారంటీ అడిగేటప్పుడు మొదటి వాదన దాని మీదే నడుస్తుంది. తీశాక పిన్ను గూళ్లలోకి చూడాలి. మొదట్లో ప్లాస్టిక్ మూల కాస్త గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది, తర్వాత నల్లబడి బుడగలు కట్టి గూడు ఆకారం కోల్పోతుంది. ఒకే ఒక్క గూడు దగ్గర ఇలా ఉంటే కరెంటు పంపకం చెడిందన్నమాట. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసను కూడా తీసి చూడాలి, అక్కడే ఎక్కువ కమిలిన సందర్భాలూ ఉన్నాయి.

పిన్నులను గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడకూడదు. పూత పోయిన పిన్నుకు నిరోధం ఇంకా పెరుగుతుంది. వారంటీ ఉన్నంతవరకు కార్డు మీద ఎవరినీ సోల్డరింగ్ చేయనివ్వకూడదు. వారంటీ అయిపోయాక, సాకెట్ మార్చగలిగే రిపేరు చేతులు పెద్ద ఊళ్లలో దొరుకుతాయి. అక్కడ ఇచ్చేటప్పుడు కేబుల్‌నూ మార్చక తప్పదు. కాలిన కేబుల్‌లోని పిన్ను స్ప్రింగు వేడికి బిగువు కోల్పోయి ఉంటుంది. కొత్త సాకెట్‌కు ఆ పాత కేబులే పెడితే, అదే పిన్ను దగ్గర వేడి మళ్లీ మొదలవుతుంది.